ముక్కు ఏ పక్క

పులివెందులలో నేను లెక్కలు చెప్పే బడిలో నాకొక పేరు పెట్టారు, పక్కసీటు మేడమ్ అని. పిల్లలు నోట్సు పట్టుకొని లెక్క చూపించడానికి పిలిస్తే నేను కుర్చీలో కూర్చొని బల్ల అవతల నుంచి చూడను. లేచి పోయి ఆ పిల్ల పక్కనే బెంచీ మీద కూర్చుంటాను. అప్పటికే నలుగురు ఇరుక్కొని ఉన్నా సరే, జరగమంటాను. స్టాఫ్‌రూములో సోషల్ సారు "మేడమ్ కుర్చీలో ముళ్ళుండాయేమో సూడండప్పా" అని ఎగతాళి చేస్తాడు. చేసుకోనీ. ఎదురుగా కూర్చొని ఒక మనిషి లెక్కను చూస్తే ఏమవుతుందో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. మా నాయన పోయి ఏడాది దాటింది, అయినా ఆ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు.

మా నాయన లెక్కల సారు. ఉద్యోగం మొదలుపెట్టింది పులివెందులలో, ముగించింది జమ్మలమడుగు హైస్కూల్లో. రిటైరయ్యాక ప్రొద్దుటూరులో మా ఇంటి ముందు గదిలో ట్యూషన్ పెట్టాడు. గోడకు నల్లబోర్డు, నేల మీద రెండు పట్టాలు, ఒక చెక్క కుర్చీ. సాయంత్రం ఐదున్నరకు పదిహేను మంది పిల్లలు వచ్చేవాళ్ళు. ఆయనకు కోపం జాస్తి. అరచేతిలో సుద్దముక్క ఉంటే అది ఎవరి నెత్తి మీద పడుతుందో చెప్పలేం. ఆ కోపం నాకూ వచ్చింది. లెక్కలూ వచ్చాయి. ఓపిక మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది, నాకు రాలేదు.

ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం అసమీకరణాలు. ఒకప్పుడు పదో తరగతి పుస్తకంలో ఉండేవి, తర్వాత తీసేశారు. నాయన మాత్రం చెప్పడం మానలేదు. "పుస్తకంలోనుంచి తీసేసినారంటే లోకంలోనుంచి తీసేసినట్లా? ఇంటర్లోకి పోయినంక మొదటి వారమే వస్తాయి, అప్పుడు తెల్లమొగం ఏస్తారు" అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు. "సమానంగా ఉండేవి యాడుండాయబ్బా? కూరగాయల అంగట్లో త్రాసు గూడా సమానంగా ఉండదు. ఎక్కువా తక్కువా నేర్చుకోండి, బతకొచ్చు."

లెస్ దాన్, గ్రేటర్ దాన్ గుర్తులకు ఆయన పెట్టుకున్న పేరు ముక్కు. సన్నగా ఉన్న ముక్కు చిన్నదాని పక్క, తెరిచిన నోరు పెద్దదాని పక్క. ముక్కు ఎడమకు ఉంటే లెస్ దాన్, కుడికి ఉంటే గ్రేటర్ దాన్. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. మైనస్ సంఖ్యతో గుణించినా భాగించినా ముక్కు ఎందుకు తిరగాలో చెప్పడానికే ఆయన పిల్లలను వసారాలోకి తోలుకొని పోయేవాడు. ఐదుగురిని వీధి గేటు వైపు మొహం పెట్టించి వరసగా నిలబెట్టేవాడు.

"ముందరుండేది ఎవురు?"

"నేను సార్!" గేటు దగ్గరున్న పిల్లవాడు.

"ఇప్పుడు మైనస్‌తో గుణిస్తాండా. అందరూ ఎనక్కి తిరగండి. ఇప్పుడు ముందరుండేది ఎవురు?"

"నేను సార్!" అని గోడ దగ్గరున్న పిల్ల అరిచేది. అందరూ నవ్వేవాళ్ళు.

"ఎవురన్నా అడుగు కదిలినారా? ల్యా. మొగం తిప్పుకున్నారు, అంతే. దాంతోనే ముందరోడు ఎనకైపాయ. అదే ముక్కు తిరగడం. ప్లస్‌తో గుణిస్తే అడుగులు పెద్దవైతాయి, మొగాలు తిరగవు." ఈ ఆట ఒకసారి ఆడిన పిల్లలెవరూ ముక్కు తిప్పడం మరిచిపోరని ఆయన నమ్మకం. చాలామటుకు నిజమే.

ఆయన చెప్పిన ఆఖరి బ్యాచీలో ఒక ముస్లిం పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న కువైట్‌లో డ్రైవరు, అమ్మ ఇంట్లో మిషను కుట్టేది. ఐదో తరగతి దాకా ఉర్దూ బడిలో చదివి తర్వాత తెలుగుకు వచ్చింది. ఆ పిల్ల బోర్డు మీద రాసింది ఏదైనా కుడినుంచి మొదలుపెట్టేది. 'మూడు లెస్ దాన్ ఎక్స్' అని రాస్తే, ఎక్స్ దగ్గర ఎత్తుకొని 'ఎక్స్ గ్రేటర్ దాన్ మూడు' అని చదివేది.

"ఏమ్మే, ఎనక డోరునుంచి బస్సెక్కుతాండావే!" అన్నాడు నాయన ఒకరోజు.

"ముక్కు ఏ పక్కనుంచి సదివినా అదే ముక్కు గదా సార్. బస్సు పోయేది ఒకే ఊరికి."

నాయన కుడినుంచి ఎడమకు బోర్డు చదివి చూశాడు. "నిజమేమ్మే" అన్నాడు. తర్వాత నవ్వి, "పరీక్షలో మాత్రం ఎక్స్‌ను ఎడమపక్కనే రాయి. దిద్దేటోళ్ళు లెక్క సదవరు, ముక్కు ఏ పక్కుందో సూస్తారు, గీత కొడతారు" అన్నాడు. నేను అప్పుడు గడప దగ్గర కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. నేనూ నవ్వాను.

కరోనా తర్వాత బడులు తెరిచిన ఏడాది, ఒక పొద్దున తొట్టి దగ్గర మొహం కడుక్కుంటూ నాయన చేతిలో చెంబు జారవిడిచాడు. వంగి తీసుకోబోతే వేళ్ళు దాన్ని పట్టుకోలేదు. ఆస్పత్రిలో వారం ఉన్నాం. మెదడులో నరం మూసుకుపోయిందన్నారు. కుడిచెయ్యి, కుడికాలు పట్టు తప్పాయి. మాట మొదట ముద్దగా వచ్చినా నెల తిరిగేసరికి బాగుపడింది. ఆ పిల్ల నాన్న సెలవు మీద వచ్చినవాడు చూడటానికి వచ్చి, కువైట్ దుప్పటి ఒకటి ఇచ్చి పోయాడు. ఎర్రటిది, మెత్తటి నూగుతో, నడుమ పెద్ద గులాబీ పువ్వు. దాని మీద వేలితో గీస్తే గీత పడుతుంది, అరచేత్తో నిమిరితే పోతుంది. నాయన మంచంలో పడుకొని ఎడమచేతి వేలితో ఆ పువ్వు మీద లెక్కలు చేసేవాడు. "నా రెండో బోర్డు" అనేవాడు.

నెలన్నరకు ట్యూషన్ మళ్ళీ మొదలుపెడతానని పట్టుబట్టాడు. నేను అప్పటికి బీఎడ్ ముగించి, ఉద్యోగం కోసం చూస్తూ ఇంట్లోనే ఉన్నాను. "నోరు నాది, చెయ్యి నీది. నేను చెప్తాంటా, నువ్వు బోర్డు మీద రాయి" అన్నాడు. కుర్చీ పిల్లలకు ఎదురుగా, బోర్డుకు వీపు చేసి వేయించుకున్నాడు. పిల్లల మొహాలు చూడకుండా పాఠం చెప్పడం ఆయనకు చేతకాదు. మెడ వెనక్కి తిప్పడం కూడా అప్పటికి కష్టం. కాబట్టి నేనేం రాస్తున్నానో ఆయన చూసేవాడు కాదు. చూడాల్సిన అవసరం ఉందని అనుకోలేదు కూడా. తన చేతిని తాను చూసుకుంటాడా ఎవరైనా?

అమ్మ నాతో దొడ్లో ఒక మాట చెప్పింది. "ఆ గంటన్నర కోసమే మీ నాయన పొద్దున లేచ్చాండాడు. సాయంత్రమైతే ఇస్త్రీ చొక్కా అడుగుతాండాడు. ఆ లెక్కలు పోతే మనిషి పోయినట్లే. ఎట్లన్నా నడిపించు పాపా." ఇస్త్రీ చొక్కా గుండీలు ఆమే పెట్టేది.

అసమీకరణాలు మళ్ళీ మొదలైన రోజు. మైనస్ మూడు ఎక్స్, లెస్ దాన్ పన్నెండు. నాయన చెప్పాడు, నేను రాశాను. "రెండుపక్కలా మైనస్ మూడుతో భాగిస్తే" అన్నాడు. నా సుద్దముక్క ముక్కు తిప్పడానికి సిద్ధంగా ఉంది. "ఎక్స్ లెస్ దాన్ మైనస్ నాలుగు" అన్నాడు.

తిప్పలేదు. నాయన తిప్పలేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన నిమ్మళంగా పిల్లలకేసి చూస్తూ కూర్చున్నాడు. నోరు జారిందనుకొని నేను గ్రేటర్ దాన్ అని రాసి ఊరుకున్నాను. తర్వాత లెక్కలోనూ అంతే జరిగింది. మరునాడూ అంతే.

మిగతావన్నీ సరిగ్గానే ఉండేవి. ముప్పైఏడును నలభైమూడుతో నోటితో గుణించి చెప్పేవాడు. భిన్నాలు, వర్గమూలాలు, ఏవీ తప్పేవాడు కాదు. పోనీ సూత్రం మరిచాడా అంటే అదీ లేదు. "నాయనా, మైనస్‌తో భాగిస్తే ఏమైతాది?" అని అడిగాను. "ముక్కు తిరుగుతాది. ఏందా ప్రశ్న, బీఎడ్ యాడ సదివినావు?" అని కసిరాడు. చెప్పమంటే చెప్పగలడు, చేసేటప్పుడు మాత్రం ఆ ఒక్కటే జారిపోతుంది. రోజూ నడిచే దోవలోనే మన వీధి మలుపు దగ్గర తిరగకుండా నేరుగా పోయిన మనిషి మాదిరి.

ఆ రోజే చెప్పి ఉండాల్సింది. నాకు ధైర్యం చాలలేదు. లోకంలో ప్రతి చిన్నదానికీ గొంతు లేపే దాన్ని, దీనికి మాత్రం నోరు రాలేదు. ఆయన నోటితో లెస్ దాన్ అంటే నేను బోర్డు మీద గ్రేటర్ దాన్ రాస్తాను, గ్రేటర్ అంటే లెస్ రాస్తాను. అట్లా నాలుగు నెలలు గడిపాను. ఆయన ఇచ్చేవన్నీ మైనస్‌తో భాగించేవే, చివరికి నేను లెక్క వినడం కూడా మానేశాను. 'భాగిస్తే' అన్న మాట చెవిన పడితే చాలు, తర్వాత ఆయన చెప్పిన ముక్కుకు ఎదురుది గీయడానికి నా చెయ్యి అలవాటు పడింది.

పిల్లలకు తెలియదా? మూడో రోజుకే తెలిసింది. ఒక పిల్లవాడు "సార్, మీరు లెస్ దాన్ అంటిరి, అక్క..." అని మొదలుపెట్టాడు. ఆ కువైట్ వాళ్ళ పిల్ల వాడి మోచేతిని గట్టిగా పొడిచింది. వాడు నన్ను చూశాడు, సారును చూశాడు, నోరు మూసుకున్నాడు. అంతే, ఆ తర్వాత ఎవరూ అడగలేదు. పద్నాలుగేళ్ళ పిల్లలు, మామూలుగా పక్కవాడు తుమ్మినా అల్లరి చేసే పిల్లలు, చెవితో ఒకటి విని చేత్తో ఇంకొకటి రాసుకొని గమ్మున ఇంటికి పోయేవాళ్ళు. వాళ్ళ మంచితనం చూసి నాకు ఒక్కోరోజు ఏడుపొచ్చేది. అంత మంచితనం కలిసి ఆయనను ఏం చేస్తుందో అప్పుడు నాకు తోచలేదు.

ఆ రోజు మంగళవారమో బుధవారమో. మధ్యాహ్నం నాకు పులివెందుల బడినుంచి ఫోనొచ్చింది, శనివారం వచ్చి డెమో క్లాసు చెప్పమని. నా మనసంతా దాని మీదే ఉంది. నాయన ఆ రోజు కొత్త నీలం చొక్కా వేయించుకున్నాడు. గడ్డం గీయించుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు.

పాత లెక్కే ఇచ్చాడు. మైనస్ మూడు ఎక్స్, లెస్ దాన్ పన్నెండు. నేను రాశాను. "మైనస్ మూడు ఎక్స్‌ను అవతలికి పంపిస్తాండా. సున్నా లెస్ దాన్ పన్నెండు ప్లస్ మూడు ఎక్స్." రాశాను. "పన్నెండును ఇవతలికి తెస్తాండా. మైనస్ పన్నెండు లెస్ దాన్ మూడు ఎక్స్." రాశాను. "ఇప్పుడు మూడుతో భాగిస్తే" అన్నాడు. ఆ మాట దగ్గర ఆయన గొంతు కొంచెం లేచింది. "మైనస్ నాలుగు లెస్ దాన్ ఎక్స్."

భాగిస్తే అన్నాడు, లెస్ దాన్ అన్నాడు. నా చెయ్యి ముక్కును కుడికి తిప్పి గీసింది.

"పాపా, కుర్చీ తిప్పు" అన్నాడు నాయన.

నాలుగు నెలల్లో ఎప్పుడూ అడగని మాట. దొరికిపోయానని, ఇన్నాళ్ళ దొంగతనం బయటపడిందని అనుకున్నాను. నా భయమంతా నా గురించే. కుర్చీ తిప్పాను. ఆయన బోర్డు చూశాడు. మొదట మొహంలో ఒక చిన్న నవ్వుంది, అది నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. కళ్ళు పైనుంచి ఒక్కో వరసా దిగుతూ వచ్చాయి. ఆఖరి వరస దగ్గర ఆగాయి. నవ్వు పోయింది.

తర్వాత పిల్లలవైపు తిరిగి, "నేనేం చెప్పినాను?" అని అడిగాడు.

నేను చేతికంటిన సుద్ద దులుపుకున్నాను. ఆ కువైట్ వాళ్ళ పిల్ల లేచి నిలబడింది. "బోర్డు మీద ఉండేదే చెప్పినారు సార్" అంది.

"అట్లనా" అన్నాడు. "సరే. ఈ పొద్దుకు సాలు, ఇంటికి పోండి."

పిల్లలు పోయాక బోర్డు తుడవబోతూ, డస్టరు పట్టుకొని ఆఖరి వరస చదివాను. నాలుగు నెలల తర్వాత మొదటిసారి చదివాను. మైనస్ నాలుగు గ్రేటర్ దాన్ ఎక్స్. ఎక్స్ బదులు సున్నా వేసి చూశాను. మొదటి వరసలో నిలిచింది. రెండు, మూడు వరసల్లోనూ నిలిచింది. నా వరసలో పడిపోయింది. ఆయన భాగించింది ప్లస్ మూడుతో. ముక్కు తిప్పే పనే లేదు. మైనస్‌ను ముందే దాటించేసి, తిప్పే అవసరమే రాకుండా లెక్కను ఒడ్డుకు చేర్చాడు మా నాయన. తీరా ఒడ్డుకొచ్చిన దాన్ని నేను తోసేశాను.

బయటికి పరిగెత్తాను. నాయన వసారాలో, పిల్లలను వరసగా నిలబెట్టే చోట, గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

"ఇన్నాళ్ళు చెయ్యే పోయిందనుకుంటి. నోరు గూడా పోయింది పాపా" అన్నాడు. "రేపటినుంచి పిల్లోళ్ళను రావద్దని చెప్పు. తప్పులు చెప్పే అయ్యవారు ఎందుకు వాళ్ళకు?"

చెప్పవే, చెప్పవే అని లోపల అరుచుకున్నాను. ఆ ఒక్కరోజు నా తప్పు ఒప్పుకోవాలంటే, నాలుగు నెలలుగా ఆయన తప్పులు దిద్దుతున్నానని ఒప్పుకోవాలి. పదిహేను మంది పిల్లలకూ తెలుసని చెప్పాలి. ఏది చెప్తే ఆయనకు తక్కువ నొప్పో నాకు తేలలేదు. రేపు చెప్తాననుకున్నాను. సిగ్గులేని మాట అది, రేపు అనేది.

శనివారం పులివెందులకు పోయి డెమో చెప్పాను. ఉద్యోగం ఇచ్చారు. అక్కడే గది తీసుకొని ఆదివారాలు ప్రొద్దుటూరు వచ్చేదాన్ని. నాయన మళ్ళీ లెక్క ముట్టలేదు. పక్కింటి పిల్ల పుస్తకం తెచ్చి అడిగితే "మర్సిపోయినానమ్మా" అనేవాడు. నల్లబోర్డుకు అమ్మ క్యాలెండరు తగిలించింది. ఇస్త్రీ చొక్కాలు పెట్టెలోకి పోయాయి. కువైట్ దుప్పటి కప్పుకొని ఆయన ఊరికే పడుకునేవాడు, దాని మీద వేలు కదిలేది కాదు. వచ్చిన ప్రతి ఆదివారం చెప్పాలనుకునేదాన్ని. రెండేళ్ళు పైన అట్లాగే గడిచాయి.

తర్వాత రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి మాట మొత్తం పోయింది. కుడివైపు ఏదీ కదలదు. మనం చెప్పేది కొంత తెలుస్తుందన్నారు డాక్టర్లు, ఎంతో చెప్పలేమన్నారు.

నాయన పెన్షన్ కాగితాల మీద ఒక సంతకం కావాలంటే, నేను సెలవు పెట్టి జమ్మలమడుగు పోయాను. ఆయన బతికే ఉన్నాడని రుజువు చేసే కాగితం అది. పని ముగించుకొని బస్టాండులో ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడి ఉంటే ఎవరో "అక్కా" అని చెయ్యి పట్టుకున్నారు. ఆ కువైట్ వాళ్ళ పిల్లే. పొడుగు సాగింది. డిగ్రీలో చేరిందట, లెక్కలే తీసుకుందట. పిన్నమ్మ వాళ్ళింటికి వచ్చి పోతోంది.

సారు ఎట్లుండారని అడిగింది. చెప్పాను. ఆ పిల్ల బస్టాండు బల్ల మీద కూలబడింది.

"నీకొకటి చెప్పాల అక్కా. సారు ట్యూషన్ మానేసిన రోజుకు పది రోజుల ముందర మా ఇంటికి వచ్చినారు. కట్టె పట్టుకొని, ఒక్కరే."

"మీ ఇంటికా? ఎందుకు?"

"నా నోట్సు అడిగి సూసినారు. అన్నీ కరెక్టుగా ఉండాయి గదా. 'ఇవన్నీ నేను చెప్పినవే గదమ్మా' అన్నారు. ఔను సార్ అంటి. అప్పుడు చెప్పినారు. 'పాఠంలో నోటితో సరిగ్గానే చెప్తాండా. ఇంట్లో దుప్పటి మీద ఒక్కణ్ణే చేసుకుంటే మాత్రం ముక్కు తిప్పేది మర్సిపోతాండా. ఒకరోజు క్లాసులో గూడా మర్సిపోతానేమోనని భయంగా ఉండాది. మా పాపకు చెప్పొద్దు, బాధపడుతాది' అన్నారు."

ఆయన నోరు సరిగ్గా ఉందని ఆయన చేత నమ్మించింది నేను. బోర్డు మీద నేను రాసింది పిల్లల నోట్సులోకి పోయి, అక్కడినుంచి తిరిగి ఆయనకు సాక్ష్యంగా వచ్చింది.

"తిప్పే పని ల్యాకుండా ఏదన్నా దారుందా అని నన్నడిగినారు అక్కా. సారు నన్నడిగినారు! మైనస్‌ను అవతలికి పంపిస్తే ప్లస్ అయితాది గదా సార్, ఎక్స్ కుడిపక్కుండిపోతాది, ఉంటే ఉండనీ, ఆ పక్కనుంచే సదువుదాం అంటి. శానా నవ్వినారు. 'ఎనక డోరు నుంచే ఎక్కాలంటావు' అన్నారు. రోజూ చేసుకుంటాండానని మల్ల చెప్పి పంపినారు. ఆ పొద్దు సారు కరెక్టుగా చెప్పినారు అక్కా. నువ్వు అలవాటుగా తిప్పేసినావని నాకు అప్పుడే తెలిసింది."

"మరి అబద్ధమెందుకు చెప్పినావే?" అని అరిచాను. బస్టాండులో మనుషులు మాకేసి తిరిగారు.

"నిజం చెప్తే అక్క ఎందుకు తిప్పిందని అడుగుతారు గదా. నాలుగు నెలలది అంతా చెప్పాల్సి వచ్చాది. అన్నిరోజులూ గమ్మునుండి, ఆ రోజు ఎట్ల చెప్పేదక్కా?" అంది. ఏడుస్తోంది. నేను చేసిందే తనూ చేసింది. ఆ పిల్లను ఏమనడానికి నాకేం మొహముంది?

ఇల్లు చేరేసరికి నాలుగున్నర. నాయన మంచం మీద దిండ్లకు ఆనుకొని ఉన్నాడు. నడుము దాకా కువైట్ దుప్పటి. నేను చెప్పులు కూడా విడవకుండా స్టూలు లాక్కొని, ఆయనకు ఎదురుగా, కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అంతా చెప్పాను. నాలుగు నెలలూ చెప్పాను, పిల్లలందరికీ తెలుసని చెప్పాను, ఆ ఆఖరి వరస చెప్పాను.

"ఆ పొద్దు నువ్వు చెప్పిందే రైటు నాయనా. తప్పు చేసింది నేను. నీ నోరు యాడికీ పోలేదు."

ఆయన నన్ను చూస్తున్నాడు. విన్నాడో, విన్నదాంట్లో ఎంత అందిందో తెలియదు. నాకు తెలిసి తీరాలనిపించింది. అదే నా పొరపాటు, ఊరికే ఉండలేకపోవడం.

"గుర్తుందా నాయనా? నీకు ఎడమపక్క మైనస్ నాలుగు, కుడిపక్క ఎక్స్. నడుమ ముక్కు ఏ పక్క?"

తర్వాత ఎడమచెయ్యి దుప్పటి మీద మెల్లగా జరిగింది. ఒక వేలు చాచి, గులాబీ పువ్వు మీద ఒక గీత గీశాడు. ఆగాడు. ఇంకో గీత గీశాడు. రెండేళ్ళ తర్వాత ఆయన రాసిన మొదటి గుర్తు అది. రాసి, తల ఎత్తి నా మొహంలోకి చూశాడు. నోట్సు చూపించి టిక్కు కోసం నిలబడే పిల్లలు చూస్తారే, అట్లా.

నేను దుప్పటి మీదికి చూశాను. ముక్కు కుడికి ఉంది. ఆ రోజు బోర్డు మీద నేను గీసిన మాదిరే ఉంది. అయ్యో, మళ్ళీ తప్పే అనుకున్నాను. అనుకునే లోపే నా వేలు ముందుకు పోయింది, దిద్దడానికి.

నాయన నా వేలిని చూశాడు. తన అరచెయ్యి దుప్పటి మీద పెట్టి, రెండు గీతలనూ నిమిరి చెరిపేశాడు.

అప్పుడు తెలిసింది. నేను ఎదురుగా కూర్చొని ఉన్నాను. ఆయన పక్కనుంచి అది ఎడమకు ఉన్న ముక్కు. లెస్ దాన్. ఆయన సరిగ్గానే గీశాడు.

లేచి మంచం చుట్టూ తిరిగి ఆయన దిండు పక్కకు పోయి కూర్చున్నాను. అక్కడినుంచి చూస్తే దుప్పటి మీద పువ్వు తప్ప ఏమీ లేదు. "నువ్వు గీసిందే రైటు నాయనా, నేను ఆ పక్కనుంచి చూసినాను, ఇంకొక్కసారి గీయి" అని బతిమాలాను. చెయ్యి పట్టుకొని పువ్వు మీద పెట్టాను. ఆయన వేలిని మడిచి పిడికిలి మూసుకున్నాడు.